కాదనడం రాని ఇంగ్లిష్ మేడమ్

మొన్నామధ్య మా ఆఫీసులో ఒక పూటంతా ట్రైనింగ్ పెట్టారు. ‘కాదనడం ఒక కళ’ అని దానికి పేరు. సూటు వేసుకున్న కుర్రాడొకడు తెర మీద బాణాలూ వృత్తాలూ చూపిస్తూ, ఎదుటివాడు నెత్తిన పని పెట్టబోతే మొహమాటపడకుండా కుదరదని ఎలా చెప్పాలో మాకు బోధించాడు. నా పక్కన కూర్చున్న అమ్మాయి బుద్ధిగా రాసుకుంటోంది. నాకు మాత్రం నవ్వాగలేదు. ముందు దగ్గులా మొదలై, ఆనక భుజాలు ఊగి, చివరికి లేచి బయటికి పోవాల్సి వచ్చింది. ఈ విద్య ఇదే సింగపూర్‌లో, ఇరవై ఏళ్ళ కిందటే, ఒకావిడ నాకు నేర్పారు. తమాషా ఏమిటంటే, ఆ నేర్పినావిడకి అది బొత్తిగా రాదు.

ఆవిడ పేరు రాయను. ఇప్పుడు కాకినాడలో నిక్షేపంగా ఉన్నారు. పేరు పెట్టి రాశానని తెలిస్తే ఫోన్ చేసి గంటసేపు క్లాసు పీకుతారు. మేమంతా మేడమ్ అనేవాళ్ళం. సింగపూర్‌లో కాస్త పెద్దవాళ్ళు కనబడితే చాలు, ఆంటీ అనేస్తారు గదా, ఆ పిలుపంటే ఆవిడకి ఒళ్ళు మంట. బుకిట్ పంజాంగ్‌లో వాళ్ళ ఫ్లాట్‌లో ఓ గది అద్దెకి తీసుకుని నేను దిగిన రోజున మొట్టమొదట చెప్పిన మాటే అది. “ఆంటీ అంటే జీతం లేని ఉద్యోగం అబ్బాయ్. నన్ను మేడమ్ అను.”

అనడానికి హక్కు లేకపోలేదు. కాకినాడలో ఒక కాలేజీలో ఎనిమిదేళ్ళు ఇంగ్లిష్ పాఠాలు చెప్పినావిడ. భర్తకి జురాంగ్ ఐలాండ్‌లో ప్లాంట్ ఇంజనీరుగా ఉద్యోగం రావడంతో అన్నీ వదిలేసి వచ్చేశారు. ఆయన మాటలు తక్కువ మనిషి. పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి వచ్చేవారు. ఈ మధ్యలో ఆవిడ ఇల్లు ఊరందరిదీ.

గోదావరి జిల్లాల వాళ్ళకి ‘ఆయ్’ అని ఒక మాట ఉంటుంది. విన్నాను, సరే, అలాగే, చిత్తం, అన్నీ అందులోనే. మేడమ్‌కి అది ఊపిరి లాంటిది. పై అంతస్తు వాళ్ళు పిల్లాణ్ణి చూసుకుంటారా అంటే ఆయ్. ఎవరి అత్తగారో ఊరి నుంచి వస్తోంది, ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తారా అంటే ఆయ్. గుడిలో పూజకి రెండు కిలోల పులిహోర కలపాలంటే ఆయ్. ఓసారి కింద ఫ్లాట్ వాళ్ళు ఇండియా వెళ్తూ తమ చేపల తొట్టి తెచ్చి ఈవిడ హాల్లో పెట్టేశారు. నీచు వాసనే పడని ఇల్లు అది. అయినా దానికీ ఆయ్ అన్నారు. వాళ్ళు వెళ్ళాక తలుపేసుకుని, “కాదనడానికి నోరెందుకు రాదో నాకు” అని తననే తిట్టుకున్నారు. ఆ తర్వాత ఆ చేపలతో రోజూ ఇంగ్లిష్‌లో మాట్లాడేవారు. ఏమిటిది మేడమ్ అంటే, “మాట మర్చిపోకుండా. ఇంకెవరితో మాట్లాడను?” అన్నారు. నాకు నవ్వొచ్చింది గానీ, ఆవిడ నవ్వలేదు.

ఒకరోజు ఆవిడ, ఈ దేశంలో ఉండడానికిచ్చే తన పాస్ కార్డు తీసి నా ముందు పెట్టారు. దాని మీద డిపెండెంట్ అని ఉంటుంది, అంటే భర్త మీద ఆధారపడి వచ్చినావిడ అని. “ఎనిమిదేళ్ళు నిలబడి పాఠం చెప్పినదాన్ని. చూడు ఏం రాశారో. నాదంటూ ఒక ఉద్యోగం కార్డు మెళ్ళో వేసుకోవాలని ఉందబ్బాయ్. జీతం ఎంతన్నది తర్వాత.” ఆ కోరిక సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నాకు మాత్రం ఆ మాట మనసులో ఉండిపోయింది.

ఇక మా కంపెనీ సంగతి చెప్పాలి. జర్మనీది. బ్యాంకులకి సాఫ్ట్‌వేర్ రాసేది. వై టూ కే గండం గట్టెక్కి, కంప్యూటర్ వచ్చినవాడికల్లా విమానం టికెట్ చేతిలో పెడుతున్న రోజులు. ఆ ఊపులో చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక అంతస్తు తీసుకుని, అటు నుంచి కొందరు జర్మన్లనీ ఇటు నుంచి మాబోటి తెలుగు కుర్రాళ్ళనీ తెచ్చి ఒకే హాల్లో కూర్చోబెట్టారు. మధ్యలో ఇంగ్లిష్ అని ఒక భాష ఉంది గనక ఇద్దరూ హాయిగా మాట్లాడేసుకుంటారని పైవాళ్ళ నమ్మకం.

మా మేనేజరు ఆరడుగులు దాటిన జర్మన్. మంచి మనిషి, కానీ నోరు తెరిస్తే ‘యు మస్ట్’. యు మస్ట్ సెండ్, యు మస్ట్ టెస్ట్. ఆఖరికి ప్రేమగా కాఫీ తెచ్చిచ్చినా, యు మస్ట్ డ్రింక్. మేం చాటున మస్ట్ దొర అని పేరు పెట్టుకున్నాం. పొద్దున్నే ఆయన గొంతు వింటే పోలీస్ స్టేషన్‌కి వచ్చినట్టుండేది. ఒక శుక్రవారం మా నెల్లూరు కుర్రాడికి, రేపు రానక్కర్లేదని చెప్పబోయి, యు మస్ట్ నాట్ కమ్ అన్నాడు. వాడు ఉద్యోగం ఊడిందనుకుని గదికి పోయి పెట్టె సర్దుకున్నాడు. జర్మన్‌లో అక్కర్లేదనడానికి అలాంటి మాటలే వాడతారని తర్వాతెప్పుడో మేడమ్ చెబితే తెలిసింది.

ఈ దొరని ఓ ఆదివారం భోజనానికి తీసుకొస్తానన్నాను. మేడమ్ ఆయ్ అన్నారు.

ఆ భోజనం నేను చచ్చేదాకా మర్చిపోను. ముద్దపప్పు, గుత్తొంకాయ కూర, ముక్కల పులుసు, పులిహోర. దొర చెంచాతో ఒక్క మెతుకు మిగలకుండా తిని, కంచం అద్దంలా చేశాడు. అద్దంలా కనబడేసరికి మేడమ్ గరిటెడు వడ్డించారు. ఆయన థాంక్యూ అని అదీ ఊడ్చాడు. ఊడ్చేసరికి మేడమ్ మళ్ళీ వడ్డించారు. నేను చూస్తూనే ఉన్నాను, మధ్యలో మాట్లాడే ధైర్యం లేదు. పులిహోర మూడో విడత వచ్చేసరికి దొర చెవులు ఎర్రబడ్డాయి, నుదుటి మీద చెమట పట్టింది, అయినా చెంచా ఆపడే. మేడమ్ కూడా ఆపలేదు. గిన్నె అడుగంటుతోంది, ఆవిడ మొహంలో కంగారు మొదలైంది. మళ్ళీ అన్నం పెడదామని వంటింట్లోకి ఓ అడుగు వేసి, ఆగి, వెనక్కి తిరిగారు.

ఆయన్ని ఇంగ్లిష్‌లో సూటిగా అడిగారు, చిన్నప్పుడు మీ అమ్మగారు కంచం విషయంలో మీకేం చెప్పారని. పెట్టింది మొత్తం తినాలి, మిగిలిస్తే పెట్టినవాళ్ళని అవమానించినట్టు అని చెప్పిందన్నాడు. మేడమ్ అక్కడే గోడకి చేరగిలబడి నవ్వడం మొదలుపెట్టారు. “మా అమ్మ నాకేం చెప్పిందో తెలుసా? అతిథి కంచం ఖాళీగా కనబడకూడదని. ఈ లెక్కన మీ అమ్మా మా అమ్మా కలిసి ఇవాళ మిమ్మల్ని చంపేసేవాళ్ళు.” దొరకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక అంత పొడుగు మనిషీ బల్ల మీద తల పెట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వగా చూడడం నాకదే మొదటిసారి.

వద్దనాలంటే ఏం చెయ్యాలని అడిగాడు. కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాలి, ఒట్టి నోటి మాట చెల్లదని చూపించారు. ఆయన చెయ్యి పెట్టాడు. ఆవిడ ఆ చేతి సందులోంచి అప్పడం ఒకటి వేశారు. అదీ మన పద్ధతేనని చెప్పారు.

సోమవారం దొర నన్ను పిలిచాడు. మా జర్మన్లకి ఇంగ్లిష్ నేర్పడానికి ఆవిడ వస్తుందా అని అడిగాడు. మూడు నెలలు చూస్తాం, మనుషుల మధ్య మాట కుదిరితే ఉద్యోగంలోకి తీసుకుని కార్డు ఇస్తాం, లేదంటే అంతటితో ఆపేస్తాం. ఇంటికెళ్ళి చెబితే మేడమ్ ఆయ్ అనలేదు. కుర్చీలో కూర్చుని, “మళ్ళీ చెప్పు” అన్నారు.

వారానికి రెండు మధ్యాహ్నాలు, మీటింగ్ గదిలో క్లాసు. అద్దాల గది గనక మా అందరికీ కనబడేది. పుస్తకం లేదు. గంజి పెట్టిన నూలు చీర, చేతిలో సుద్దముక్క బదులు స్కెచ్ పెన్ను. మస్ట్ అంటే నడుం మీద చెయ్యి వేసి, అత్తగారిలా కనుబొమలు ముడవాలి. మస్ట్ నాట్ అంటే చూపుడు వేలు అడ్డంగా ఊపాలి. నీడ్ నాట్ అంటే కుర్చీలో వెనక్కి వాలి, పమిటతో విసురుకున్నట్టు చేత్తో తీరిగ్గా విసురుకోవాలి. ఏం మాటన్నా ముందు ఒంటితో చేసి చూపించాకే నోటితో అనాలి. తాటి చెట్లంత జర్మన్లు వరసగా నిలబడి, నడుం మీద చేతులు వేసుకుని ఒకరినొకరు అత్తగార్లలా ఉరుముతుంటే మేం పని మానేసి చూసేవాళ్ళం. వాళ్ళకి కూడదు, అక్కర్లేదు అన్న రెండు తెలుగు మాటలు కూడా నేర్పేశారు, వీటి మధ్య తేడా బుర్రకెక్కితే ఇంగ్లిష్ అదే వస్తుందని. కొన్నాళ్ళకి కాఫీ మిషన్ దగ్గర ఒక జర్మన్, పంచదార వెయ్యనా అంటే, చేత్తో విసురుకుంటూ ‘అకర్లేదు’ అన్నాడు. నాకు కడుపు నిండిపోయింది.

అంతా బానే ఉంది గానీ, దొర మొహంలో మాత్రం తేడా లేదు. ఓ రోజు క్లాసులో తన బాధ వెళ్ళగక్కాడు. నేను మస్ట్ మానేశాను, మర్యాదగా అడుగుతున్నాను, వీళ్ళు అన్నిటికీ ఎస్ అంటున్నారు, తీరా ఆ రోజు వచ్చేసరికి పని ఉండదు. పైగా ముందే తెలుసునన్నట్టు మొహాలు పెడతారు అని. మేడమ్ అద్దంలోంచి నా వైపు చూసి, లోపలికి రమ్మని వేలు ఆడించారు.

అందరి ముందూ నన్ను దొరకి ఎదురుగా కూర్చోబెట్టారు. తర్వాత, నా ఎదుటే, ఆయనకి మా గుట్టు విప్పేశారు. ఈ అబ్బాయి ‘చూద్దాం’ అంటే కుదరదని అర్థం. ‘ట్రై చేస్తాను’ అంటే ససేమిరా కుదరదని. తల అడ్డంగా నిలువుగా కాకుండా మధ్యస్థంగా ఊపితే, ఆ పని మీద ఇక ఆశే వదులుకోవాలని. దొర నోరు తెరుచుకుని వింటున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

“ఇప్పుడు ఆయన ఒక పని అడుగుతాడు. నువ్వు నో, ఐ కాంట్ అనాలి” అన్నారు నాతో. దొర అడిగాడు. నేను నోరు తెరిచాను. గొంతులోంచి వచ్చింది, ఐ విల్ ట్రై సార్. జర్మన్లంతా పకపకా నవ్వారు. నవ్వరూ మరి. కానీ నా పాస్ ఆ ఉద్యోగంతో ముడిపడి ఉంది. మేనేజరుకి ఎదురు చెప్పినవాణ్ణి మర్నాడే విమానం ఎక్కించేస్తారని మా వాళ్ళందరి భయం. మేడమ్ ఇంకోసారి అనమన్నారు, ఇంకోసారి అనమన్నారు. నాకు ఉక్రోషం వచ్చింది. తెలుగులో అనేశాను. “మీరెప్పుడైనా ఎవరితోనైనా కాదన్నారా మేడమ్? చేపల తొట్టి దగ్గర్నుంచి చూస్తున్నాను.”

ఆవిడ స్కెచ్ పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. ఆ రోజుకి క్లాసు చాలన్నారు. ఇంటికొచ్చాక అన్నం వడ్డిస్తూ, “నిజమేలే” అన్నారు.

మూడో నెలాఖర్న, మా సాఫ్ట్‌వేర్ తీసుకుంటున్న బ్యాంకు వాళ్ళతో మీటింగ్ వచ్చింది. అంతకు ముందు రెండుసార్లు వాళ్ళు కొత్త కొత్త పనులు చేర్చడం, మేం తలలూపడం, ఆనక చేతులెత్తేయడం జరిగిపోయాయి. ఈసారీ అదే జరిగితే బ్యాంకు మమ్మల్ని వదిలేస్తుందని తెలుసు. దొర మేడమ్‌ని వెనక వరసలో కూర్చోమన్నాడు. ఇవాళ మాట కుదరకపోతే క్లాసు ఆపేయక తప్పదని ముందే చెప్పాడు. ఆవిడ ఆ రోజు మామూలు నూలు చీర కాదు, పట్టంచు చీర కట్టుకొచ్చారు. మెళ్ళో విజిటర్ అని రాసున్న కార్డు.

బ్యాంకు తరఫున వచ్చిన పెద్దావిడ చైనీస్. అద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, ఇంకో రిపోర్టు కూడా కావాలి, తేదీ మాత్రం మారకూడదు అంది. గదిలో అందరూ దొర వైపు చూశారు. పాత రోజుల్లో అయితే ఆయన నా వైపు తిరిగి యు మస్ట్ అనేవాడు. ఇప్పుడు ఒక్కో మాటా ఏరుకుని, ఆ తేదీకి ఇది చెయ్యగలరా, నిజం చెప్పండి అని నన్ను అడిగాడు.

నేను వెనక్కి చూశాను. ఏదైనా సైగ చేస్తారేమోనని. మేడమ్ సీలింగ్ ఫ్యాన్ లేని సీలింగ్ వైపు చూస్తూ కూర్చున్నారు. వేళ్ళు మాత్రం ఆ విజిటర్ కార్డు తాడుని చుట్టేస్తున్నాయి. ఇప్పుడు ట్రై చేస్తానంటే నా ఉద్యోగానికి అప్పటికి ఢోకా లేదు, ఆవిడది మాత్రం ఈ గదిలోనే పోతుంది. “నో,” అన్నాను. “వుయ్ కాంట్. ఆ తేదీకి కుదరదు. ఇంకో రెండు వారాలు కావాలి.”

బ్యాంకావిడ అద్దాలు తీసి బల్ల మీద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. “రెండు వారాలా? ఓకే లా. లాస్ట్ టైమ్ ఎందుకు చెప్పలేదు మరి?” అంది, సింగపూర్ వాళ్ళు మాట చివర తగిలించే ‘లా’తో సహా. అంతే. భూమి బద్దలవలేదు, నన్ను విమానం ఎక్కించలేదు. ఆవిడ తర్వాతి విషయానికి పోయింది. నా పక్కన నెల్లూరు కుర్రాడు బల్ల కింద నా చెయ్యి పట్టుకుని నొక్కాడు.

వాళ్ళు వెళ్ళాక దొర మా తెలుగువాళ్ళ వైపు తిరిగి, కుర్చీలో వెనక్కి వాలి, చేత్తో తీరిగ్గా విసురుకుంటూ, ఈ శనివారం మీరెవరూ రానక్కర్లేదన్నాడు. తప్పులేకుండా అన్నాడు. తర్వాత మేడమ్ దగ్గరికి వెళ్ళి, అంత మనిషీ వంగి చెయ్యి కలిపాడు. మీరు మా వాళ్ళకి నేర్పుతారనుకున్నాను, రెండు వైపులా నేర్పారు, ఉద్యోగం మీది, సోమవారం నుంచి రండి అన్నాడు. నేను మేడమ్ వైపు చూశాను. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇహ ఆయ్ అంటారు, అనకేం చేస్తారు అనుకున్నాను.

“మండే ఐ కాంట్,” అన్నారు మేడమ్.

దొర ఒక్క క్షణం తడబడి, పర్వాలేదు, మంగళవారం రండి అన్నాడు. మేడమ్ చూపుడు వేలు అడ్డంగా ఊపారు. మంగళవారం కొత్త పని మొదలుపెట్టకూడదని, తమ ఇళ్ళలో అదొక నియమమని చెప్పారు. దొర నా వైపు తిరిగాడు, ఇది నిజమైన రూలేనా అన్నట్టు. నిజమేనన్నాను. మా ఇంట్లో మంగళవారం నాడు కొత్త చీపురు కూడా తియ్యరని చెప్పాను. నియమం అనేసరికి ఆయన మొహం వెలిగింది. ఎంత గౌరవంగా తలూపాడో. బుధవారం పొద్దున్న తొమ్మిదింటికి అని ఖాయం చేసుకున్నారు.

అప్పటికి ఎక్స్‌పో స్టేషన్ కొత్తగా తెరిచారు. అక్కడి దాకా ఇద్దరం నడిచాం. నేను లోపల ఉడికిపోతున్నాను. ఎన్నాళ్ళ కోరిక, చేతికందిన రోజున ఈ బేరాలేమిటని. ఎస్కలేటర్ దగ్గరికి వచ్చాక ఇక ఉండబట్టలేక అడిగేశాను. మంగళవారం సంగతి సరే, సోమవారం ఏం పనుందని? ఎవరి పిల్లల్నైనా చూడాలా, ఎవరినైనా ఎయిర్‌పోర్ట్ నుంచి తేవాలా?

“ఏ పనీ లేదు,” అన్నారు.

“మరి?”

“కుదరదు అంటే ఎలా ఉంటుందో ఒక్కసారి అని చూద్దామనిపించింది. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఎవరితోనూ అన్లేదు. పిల్లాడివి, నువ్వే అనగా లేంది.”

“ఉద్యోగం పోతే?”

“పోతుందేమోననే భయం వేసింది. ఆ భయం లేకుండా అంటే ఇంక అన్నట్టేముంది?”

ఎలా ఉంది మరి, అని అడిగాను. ఆవిడ మొహమంతా నవ్వు పరుచుకుంది.

“బావుందబ్బాయ్. చాలా బావుంది. కాళ్ళే ఇంకా వణుకుతున్నాయి, ఆ చెయ్యి కాస్త ఇటియ్యి.”